బొగ్గు గని ఈఐఏలో అసలు కథంతా "చర్యల తర్వాత" అన్న కాలమ్‌లోనే

కొత్తగా ఓ ఓపెన్‌కాస్ట్ బొగ్గు గని పెడతామని ఎవరైనా ముందుకొచ్చారంటే దాంతోపాటు ఈఐఏ రిపోర్ట్ కూడా వస్తుంది. అంటే పర్యావరణ ప్రభావ అంచనా, వేల పేజీలు, కట్టలు కట్టలుగా అనుబంధాలు, మ్యాపులు, టేబుల్స్. చదివే ఓపిక ఉన్నవాళ్లు కూడా ఎక్కువగా ఏం చేస్తారంటే నేరుగా ప్రభావాల చాప్టర్‌కి పోయి అడవి ఎంత పోతుంది, వాగులు ఎన్ని పోతాయి, దుమ్ము ఎంత లేస్తుంది అని చూస్తారు. చూడాలి, కాదనట్లేదు. కానీ ఆ చాప్టర్‌లో దాచడానికి పెద్దగా ఏమీ ఉండదు, కొండని తవ్వితే కొండ పోతుంది, అది ఎవరు దాచినా దాగదు. గమ్మత్తంతా పక్కనుండే ఇంకో కాలమ్‌లో ఉంటుంది, "నివారణ చర్యల తర్వాత మిగిలే ప్రభావం" అని. ఎడమవైపు "తీవ్రం" అని రాసుంటుంది, మధ్యలో రెండు లైన్ల చర్య, కుడివైపుకి వచ్చేసరికి అది కాస్తా "స్వల్పం" అయిపోతుంది. ఆ మధ్యలో ఉన్న రెండు లైన్లు నిజంగా పనిచేస్తాయా అన్నదే మొత్తం రిపోర్ట్‌కి ప్రాణం.

ఇది అర్థం కావాలంటే కెనడాలో జరిగిన గ్రాసీ మౌంటెన్ కేసు చూడటం మంచిది. అల్బర్టా ప్రావిన్స్ నైరుతి మూలన, రాకీ పర్వతాల్లో, క్రోస్‌నెస్ట్ పాస్ అనే చోట బ్లెయిర్‌మోర్ అనే ఊరికి ఉత్తరాన ఓ 7 కిలోమీటర్ల దూరంలో ఈ కొండ ఉంటుంది. అక్కడ బెంగా మైనింగ్ అనే కంపెనీ ఏడాదికి 45 లక్షల టన్నుల దాకా బొగ్గు తీస్తాం, 23 ఏళ్ల పాటు తీస్తాం అని ప్రతిపాదించింది. కరెంటుకి కాల్చే బొగ్గు కాదిది, స్టీల్ తయారీకి వాడే మెటలర్జికల్ బొగ్గు. ఫెడరల్ ప్రభుత్వం, అల్బర్టా ఎనర్జీ రెగ్యులేటర్ కలిసి ఓ జాయింట్ రివ్యూ ప్యానెల్ వేశాయి, 2020 అక్టోబర్ చివర్లో బహిరంగ విచారణ మొదలైంది, కోవిడ్ టైమ్ కాబట్టి అంతా ఆన్‌లైన్‌లోనే. 2021 జూన్ 17న ప్యానెల్ రిపోర్ట్ వచ్చింది, ప్రావిన్స్ పరిధిలో ఉన్న దరఖాస్తుల్ని తిరస్కరించింది, ఆగస్ట్‌లో ఫెడరల్ పర్యావరణ మంత్రి కూడా ఈ ప్రాజెక్ట్ ముందుకెళ్లడానికి వీల్లేదని తేల్చారు.

ఇక్కడ గమనించాల్సింది తిరస్కరణ కాదు, కారణం. ప్రభావాలు ఉన్నాయి కాబట్టి వద్దు అని ప్యానెల్ అనలేదు, ప్రభావం లేని గని ఉండదు కదా. కంపెనీ చెప్పిన చర్యలు చెప్పినంత బాగా పనిచేస్తాయన్న నమ్మకం మాకు కలగలేదు, కొన్ని చోట్ల ఆ అంచనాలు మరీ ఆశావహంగా ఉన్నాయి, వాటికి తగ్గ ఆధారాలు లేవు, ఇదీ స్థూలంగా ప్యానెల్ చెప్పింది. అంటే దెబ్బ తగిలింది ఆ మధ్య కాలమ్‌కే.

సరే, ముందు గని సంగతి. ఓపెన్‌కాస్ట్‌లో బొగ్గు తీయడం కంటే పెద్ద పని బొగ్గు మీదున్నదాన్ని తీసి పక్కన పెట్టడం. పై మట్టి, రాయి, ఇసుకరాయి, షేల్, ఇదంతా కలిపి ఓవర్‌బర్డెన్, మాటల్లో ఓబీ అంటారు. ఒక టన్ను బొగ్గుకి ఎన్ని క్యూబిక్ మీటర్ల ఓబీ తీయాలన్నదాన్ని స్ట్రిప్పింగ్ రేషియో అంటారు. అది 5 అనుకుంటే ఏడాదికి 45 లక్షల టన్నుల గనికి 2 కోట్ల 25 లక్షల క్యూబిక్ మీటర్ల రాయి పేల్చి, ఎత్తి, మోసి, ఎక్కడో పోయాలి, ప్రతి ఏడాదీ. పైగా పేల్చిన రాయి ముందున్నంత చోటులో సర్దుకోదు, ముక్కల మధ్య ఖాళీలు వచ్చి ఉబ్బుతుంది, కాబట్టి తీసిన గోతిలోనే మొత్తం పోసేస్తామంటే కుదరదు. కొంత బయట గుట్టలుగా మిగలాల్సిందే. రిపోర్ట్‌లో "బ్యాక్‌ఫిల్లింగ్ చేస్తాం", అంటే ఆ రాతితోనే గోతిని తిరిగి నింపుతాం అని ఉంటే వెంటనే అడగాల్సిన ప్రశ్న ఎంత శాతం, ఏ సంవత్సరం నుంచి, అప్పటిదాకా ఆ రాయి ఎక్కడ ఉంటుంది అని. మొదటి కొన్నేళ్లు గొయ్యి తెరుచుకునే దశలోనే ఉంటుంది కాబట్టి అప్పుడు వచ్చే ఓబీ అంతా బయటికే పోతుంది.

ఇంకొకటి నీళ్లు. గొయ్యి భూగర్భ జలమట్టం కిందకి దిగిందంటే చుట్టుపక్కల నీళ్లు అందులోకి ఊరడం మొదలవుతుంది, తవ్వాలంటే రాత్రీ పగలూ పంపు చేయాలి, పంపు చేసేకొద్దీ చుట్టూ ఉన్న బావులు, బోర్లు, ఊటలు తగ్గుతాయి. ఎంత దూరం, ఎంత లోతు అన్నది మోడల్ చెప్తుంది. మోడల్ ఎంత బాగుందన్నది దానికిచ్చిన బోర్ డేటా మీద ఉంటుంది, కింద రాతిలో పగుళ్లు, ఫాల్ట్‌లు ఎలా ఉన్నాయో తెలియకుండా వేసిన మోడల్ రంగుల మ్యాప్ తప్ప ఇంకేం కాదు.

అంచనా ప్రక్రియ అన్ని దేశాల్లోనూ దాదాపు ఒకే వరసలో నడుస్తుంది. ఇదంతా అమెరికాలో నేపా అనే జాతీయ పర్యావరణ విధాన చట్టంతో మొదలైంది, 1970 జనవరి 1న దానిమీద సంతకం అయింది, తర్వాత మిగతా దేశాలు ఒక్కొక్కటీ ఆ దారి పట్టాయి. ఏమేం పరిశీలించాలో ముందు తేలుస్తారు, గని రాకముందు ఉన్న పరిస్థితిని కొలుస్తారు, దాన్నే బేస్‌లైన్ అంటారు, తర్వాత ఏం మారుతుందో అంచనా వేస్తారు, చర్యలు చెప్తారు, చర్యలు అమలయ్యాక కూడా మిగిలే ప్రభావం "గణనీయమా కాదా" అని తేలుస్తారు. ఆ చివరి ముక్క సైన్స్ కాదు, తీర్పు. ఏది గణనీయం అన్నదానికి కొలబద్ద ముందే రాసిపెట్టారా, లేక లెక్కలొచ్చాక వాటికి సరిపడేలా కొలబద్ద పెట్టారా అన్నది చూసుకోవాలి. రిపోర్ట్ తయారు చేసే కన్సల్టెంట్‌కి డబ్బులిచ్చేది గని పెట్టే కంపెనీయే, చాలా దేశాల్లో ఇదే పద్ధతి. దానర్థం అందరూ అబద్ధాలు రాస్తారని కాదు గానీ, అనుమానం ఉన్న ప్రతి చోటా పెన్ను ఏ వైపు వాలుతుందో ఊహించడం కష్టమేం కాదు.

బేస్‌లైన్ దగ్గర ఓ చిక్కుంది, ఇది చాలామంది పట్టించుకోరు. గ్రాసీ మౌంటెన్ అంటే చేయి పడని కొండేం కాదు, అక్కడ పాత గనులు నడిచాయి, 1960 ప్రాంతంలో వదిలేసి పోయారు, ఆ మచ్చలు ఇప్పటికీ ఉన్నాయి. మేం వస్తే ఆ పాత గాయాలు కూడా మాన్పుతాం అన్నది కంపెనీ వాదనల్లో ఒకటి. వినడానికి బాగుంటుంది. కానీ ఇప్పటికే దెబ్బతిన్న స్థితిని బేస్‌లైన్‌గా తీసుకుంటే కొత్త నష్టం చిన్నదిగా కనిపిస్తుంది, పాత గనికి ముందున్న స్థితితో పోలిస్తే పెద్దదిగా కనిపిస్తుంది, అదే కొండ, అవే కొలతలు. అందుకే కొత్త గని వల్ల పెరిగే నష్టం ఒక్కటే కాకుండా పాతవి, పక్కవి, రాబోయేవి కలిపిన మొత్తం భారం ఎంతన్న లెక్క విడిగా ఉండాలి, ఉండటమే కాదు దాన్ని మొక్కుబడిగా రెండు పేజీల్లో ముగించకూడదు.

ఇక సెలీనియం అనే మూలకం. ఈ కేసు నిలబడిందీ పడిందీ దీని మీదే కాబట్టి కొంచెం ఆగి చూద్దాం. ఆ పర్వతాల బొగ్గు పొరల చుట్టూ ఉన్న రాతిలో సెలీనియం చాలా కొద్దిగా ఉంటుంది, రాయి గట్టిగా ఉన్నంతకాలం దానివల్ల ఇబ్బందేం లేదు. పేల్చి ముక్కలు చేసి గుట్టలుగా పోశాక గాలీ వాన నీళ్లూ లోపలిదాకా పోతాయి, రాతిలోని పైరైట్ అనే ఇనుము, గంధకం కలిసిన ఖనిజం ఆక్సీకరణం చెందుతుంది, దాంతోపాటు సెలీనియం నీళ్లలో కరిగే రూపంలో బయటికొస్తుంది. నీళ్లు వాగులోకి, వాగు నదిలోకి. సెలీనియంతో సమస్య ఏంటంటే నీళ్లలో కొలిస్తే లీటర్‌కి కొన్ని మైక్రోగ్రాములే ఉంటుంది, తాగే మనిషికి అది పెద్ద విషయంగా కూడా కనిపించదు, కానీ నాచులోకి, పురుగుల్లోకి, చేపల్లోకి పోయేకొద్దీ పోగుపడుతుంది, తల్లి చేప నుంచి గుడ్డులోకి చేరుతుంది, పిల్లలు వంకర వెన్నుతోనో, దవడ సరిగ్గా లేకుండానో పుడతాయి, లేదా అసలు బతకవు. పెద్ద చేపలు చూడ్డానికి బాగానే తిరుగుతుంటాయి, తర్వాతి తరం మాత్రం ఉండదు. జలచరాల రక్షణకి బ్రిటిష్ కొలంబియా పెట్టుకున్న మార్గదర్శకం లీటర్‌కి 2 మైక్రోగ్రాములు, కెనడా జాతీయ మార్గదర్శకం 1. ఎంత సన్నటి గీతో చూడండి.

ఇది ఊహ కూడా కాదు, గ్రాసీ మౌంటెన్‌కి పడమరన, కొండలు దాటితే బ్రిటిష్ కొలంబియాలో ఎల్క్ వ్యాలీ ఉంది, అక్కడ టెక్ అనే కంపెనీ దశాబ్దాలుగా ఇదే తరహా బొగ్గు గనులు నడిపింది, లోయల్లో రాయి పోసింది. అక్కడి నీళ్లు దిగువకి పోయి కుకనూసా అనే రిజర్వాయర్‌లో కలుస్తాయి, అది అటు కెనడాలోనూ ఇటు అమెరికాలోని మోంటానాలోనూ ఉంది, కాబట్టి ఇది రెండు దేశాల గొడవ అయింది. 2021 మార్చిలో టెక్ మీద 2012 నాటి కాలుష్యానికి మత్స్య చట్టం కింద 6 కోట్ల కెనడియన్ డాలర్ల జరిమానా పడింది, ఆ చట్టం కింద అప్పటిదాకా అంత పెద్దది లేదు. నీళ్లు శుద్ధి చేయడానికి కట్టిన ప్లాంట్ దగ్గరే 2014లో చేపలు చచ్చిపోయి దాన్ని కొన్నాళ్లు ఆపాల్సి వచ్చింది. అంటే మందు కూడా మొదట్లో వికటించింది.

దీనికి బెంగా చెప్పిన పరిష్కారం ఏంటంటే, గోతిలో తిరిగి నింపిన రాతిని నీళ్లతో ముంచి ఉంచడం. నీళ్లలో మునిగి ఆక్సిజన్ అందని చోట కొన్ని సూక్ష్మజీవులు కరిగిన సెలీనియంని కరగని రూపంలోకి మారుస్తాయి, వాటికి తిండిగా మెథనాల్ లాంటిది ఇస్తే పని ఇంకా చురుగ్గా జరుగుతుంది. ఈ సూత్రంలో లోపం లేదు, టెక్ కూడా ఎల్క్‌వ్యూ గనిలో ఇలాంటిదే పెద్ద ఎత్తున చేసి చూపించింది. కానీ ఒక గనిలో పనిచేసిందంటే ఇంకో గనిలో అదే స్థాయిలో పనిచేస్తుందని కాదు, రాయి వేరు, నీటి రసాయనం వేరు, నీళ్లు ఎంత సేపు లోపల నిలుస్తాయన్నది వేరు. ఇక్కడే ప్యానెల్ పట్టుకుంది. దాదాపు మొత్తం సెలీనియం తీసేస్తాం అన్న స్థాయి అంచనాకి సరిపడా రుజువు లేదంది.

శాతాలతో ఆట ఎలా ఉంటుందో ఓ చిన్న లెక్క వేసి చూస్తే తెలుస్తుంది, ఇవి ఉదాహరణకి తీసుకున్న అంకెలే. గుట్టల నుంచి ఊరే నీళ్లలో 98 శాతం పట్టుకుంటాం, పట్టుకున్నదాంట్లో 99 శాతం సెలీనియం తీసేస్తాం అన్నారనుకోండి. పట్టుకోలేని 2 శాతం, తీయలేక మిగిలిన దాదాపు 1 శాతం, మొత్తం 3 శాతం వాగులోకి పోతుంది. ఇప్పుడు రెండూ 90 శాతమే అయ్యాయనుకోండి, 90 అంటే కూడా వినడానికి బాగానే ఉంది కదా, కానీ 10 ప్లస్ 9, మొత్తం 19 శాతం వాగులోకి. ఆరు రెట్లకి పైగా. 99కీ 90కీ తేడా తొమ్మిదే అనిపిస్తుంది, చేపకి మాత్రం మిగిలిన ముక్కే లెక్క. గీత 2 మైక్రోగ్రాముల దగ్గర ఉన్నప్పుడు ఆరు రెట్లంటే వాగు బతకడానికీ చావడానికీ ఉన్న తేడా. అందుకే సామర్థ్యం శాతం చూసినప్పుడల్లా దాన్ని వందలోంచి తీసేసి చదవడం అలవాటు చేసుకోవాలి. ఆ శాతం ఎక్కడ, ఎన్నేళ్లు, చలికాలంలో కూడా కొలిచిందా, లేక ల్యాబ్‌లో గొట్టంలో కొలిచిందా అన్నది కూడా.

ఇంకో మాట "అడాప్టివ్ మేనేజ్‌మెంట్". ఇప్పటి రిపోర్టుల్లో ఇది లేకుండా పేజీ తిరగదు. ముందు మొదలుపెడతాం, కొలుస్తూ ఉంటాం, తేడా వస్తే మారుస్తాం అని దానర్థం. పంటకి నీళ్లు పెట్టేటప్పుడు ఇది సరైన పద్ధతే, ఎక్కువైతే రేపు తగ్గిస్తారు. కానీ గుట్ట నుంచి సెలీనియం బయటికి రావడానికి కొన్నేళ్లు పట్టొచ్చు, ఒకసారి మొదలైతే దశాబ్దాలు ఆగదు, కొలతల్లో తేడా కనిపించే సమయానికి కొన్ని కోట్ల టన్నుల రాయి పోసేసి ఉంటారు. దాన్ని వెనక్కి ఎత్తిపోసేవాళ్లు ఎవరూ ఉండరు. వెనక్కి తీసుకోలేని పనికి "తేడా వస్తే మారుస్తాం" అనేది చర్య కిందకి రాదు, అది వాయిదా. ఏ స్థాయి దాటితే ఏం చేస్తారు, ఎన్ని రోజుల్లో చేస్తారు, తవ్వకం ఆపుతారా లేదా అని రాసి ఉంటే అప్పుడు మాత్రమే దానికి కొంచెం విలువ ఉంటుంది.

చేపల విషయానికే వస్తే, ఆ కొండ పక్కన పారే గోల్డ్ క్రీక్‌లో వెస్ట్‌స్లోప్ కట్‌త్రోట్ ట్రౌట్ అనే చేప ఉంది, అల్బర్టాలో దాని సంతతి ప్రమాదంలో ఉందని ఫెడరల్ చట్టం కింద ఇప్పటికే జాబితాలో చేరింది. వాగులో నీళ్లు తగ్గినా, వేడెక్కినా, సెలీనియం చేరినా దానికి దెబ్బే, ఈ మూడూ కలిపి వస్తే ఎలా అన్నది విడివిడి టేబుల్స్‌లో కనపడదు. అక్కడే వైట్‌బార్క్ పైన్ అనే చెట్టు కూడా ఉంది, అదీ అంతరించే ప్రమాదంలో ఉన్నదే. కొట్టేసిన వాటికి బదులు మొక్కలు నాటుతాం అన్నారు, నాటొచ్చు, కానీ ఈ చెట్టు కాయలు కాయడం మొదలుపెట్టాలంటేనే పాతికేళ్లకి పైగా పడుతుంది, బాగా కాయాలంటే అరవై డెబ్బై ఏళ్లు. గని వయసు 23 ఏళ్లు. అంటే ఆ చర్య ఫలించిందో లేదో తేలే సమయానికి కంపెనీయే అక్కడ ఉండదు. నీటి నాణ్యత, ఈ చేప, ఈ చెట్టు, ఫెస్క్యూ గడ్డి భూములు, ఇవన్నీ గణనీయంగా దెబ్బతింటాయనే ప్యానెల్ తేల్చింది.

దుమ్ము, శబ్దం, బ్లాస్టింగ్ గురించి తక్కువే చెప్పుకుందాం, ముఖ్యం కాక కాదు, వీటి మీద అవగాహన ఎక్కువ, చర్యలు కూడా పరీక్షకి నిలిచినవే. దుమ్ములో పెద్ద వాటా బొగ్గు నుంచి కాదు, డంపర్లు తిరిగే మట్టి రోడ్ల నుంచి వస్తుంది, నీళ్లు చల్లితే తగ్గుతుంది, ఎండిపోతే మళ్లీ లేస్తుంది, కాబట్టి నీళ్ల ట్యాంకర్ ఎన్నిసార్లు తిరుగుతుంది, ఆ నీళ్లు ఎక్కడివి అని అడగాలి. బ్లాస్టింగ్‌లో అదురు ఎంత, రాళ్లు ఎంత దూరం ఎగురుతాయి, ఇళ్లు ఎంత దూరంలో ఉన్నాయి. గాలి ఎటు వీస్తుందో ఏడాది మొత్తం కొలిచారా, ఒక్క సీజన్ కొలిచి సరిపెట్టారా అన్నది చూస్తే రిపోర్ట్ ఎంత శ్రద్ధగా చేశారో తెలిసిపోతుంది.

గని మూసేశాక మిగిలే గొయ్యి సంగతి మాత్రం ఎప్పుడూ చివరి చాప్టర్‌లో ఉంటుంది, అందమైన సరస్సు బొమ్మతో. జర్మనీలో దీనికి చాలా అనుభవం ఉంది. సాక్సనీ అన్‌హాల్ట్ రాష్ట్రంలో నాహ్టర్‌స్టెట్ అనే ఊళ్లో 1991లో లిగ్నైట్ తవ్వకం ఆపేశారు, గొయ్యిని నీళ్లతో నింపి సరస్సు చేస్తున్నారు, 2009 జూలై 18న తెల్లవారుజామున ఒడ్డున పెద్ద ముక్క జారి ఇళ్లతో సహా సరస్సులో పడిపోయింది, ముగ్గురు చనిపోయారు. గని మూతపడి 18 ఏళ్లయ్యాక. హంబాఖ్ గనిలో 2029తో తవ్వకం ఆపి రైన్ నది నుంచి పైప్‌లైన్ వేసి నింపాలని ప్లాన్, నిండటానికే దాదాపు 40 ఏళ్లు పడుతుందని అంచనా. వచ్చే 40 ఏళ్లలో రైన్‌లో అన్ని నీళ్లు ఉంటాయా అన్నది వేరే సంగతి. ఆస్ట్రేలియాలో హేజల్‌వుడ్ గని చూడండి, 2014 ఫిబ్రవరి 9న బయట అంటుకున్న కార్చిచ్చు తవ్వకం అయిపోయి వదిలేసిన గోడల్లోని బొగ్గుకి పాకింది, 45 రోజులు ఆరలేదు, పక్కనే ఉన్న మోర్వెల్ పట్టణం మొత్తం ఆ పొగలోనే గడిపింది. నడుస్తున్న గని గురించి వంద పేజీలు రాసి, వదిలేసిన భాగం గురించి పేజీ రాయని రిపోర్టులకి ఇదో హెచ్చరిక.

దీనికంతటికీ డబ్బు ఎవరిస్తారు? నీళ్లని వందేళ్లు శుద్ధి చేయాల్సి వస్తే వందేళ్లు కరెంటు, మెథనాల్, మనుషులు కావాలి. అమెరికాలో 1977 చట్టం ప్రకారం తవ్వే ముందే పునరుద్ధరణకి బాండ్ కట్టాలి, మంచి ఆలోచనే, కానీ కొన్ని రాష్ట్రాలు పెద్ద కంపెనీలకి సెల్ఫ్ బాండింగ్ అనే వెసులుబాటు ఇచ్చాయి. అంటే డబ్బు పెట్టక్కర్లేదు, మా ఆర్థిక పరిస్థితి బాగుంది కాబట్టి మా మాటే హామీ అని. 2015 ఆగస్ట్‌లో ఆల్ఫా నేచురల్ రిసోర్సెస్, 2016 జనవరిలో ఆర్చ్ కోల్, ఏప్రిల్‌లో పీబాడీ వరసపెట్టి దివాలా రక్షణకి వెళ్లాయి. అప్పుడు తెలిసొచ్చింది ఆ మాట బరువెంతో. ఈఐఏలో చర్య అని రాసిన ప్రతిదాని పక్కన ఖర్చెంత, ఆ డబ్బు ఏ రూపంలో, ఎవరి చేతిలో, ఎప్పటిదాకా ఉంటుంది అని లేకపోతే దాన్ని చర్యగా లెక్కేయడమే తప్పు.

కార్బన్ గురించి ఇప్పుడు కోర్టులు గట్టిగా అడుగుతున్నాయి. ఇదివరకు రిపోర్టుల్లో గనిలో డీజిల్ ఎంత కాలింది, మీథేన్ ఎంత బయటికొచ్చింది అనేంతవరకే లెక్క రాసేవాళ్లు, తీసిన బొగ్గుని కాల్చితే వచ్చేది మాది కాదు కొన్నవాడిది అనేవాళ్లు. ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్ పర్యావరణ కోర్టు 2019 ఫిబ్రవరి 8న గ్లౌస్టర్ దగ్గర రాకీ హిల్ ఓపెన్‌కట్ గనిని తిరస్కరిస్తూ ఆ బొగ్గుని కాల్చడం వల్ల వచ్చే ఉద్గారాల్ని కూడా లెక్కలోకి తీసుకుంది, మొత్తం 3 కోట్ల 78 లక్షల టన్నులు. మేం తవ్వకపోతే ఇంకొకరు తవ్వుతారు అన్న వాదన కూడా అక్కడ నిలబడలేదు. అయితే ఆ తీర్పులో పల్లె అందం, సమాజం మీద ప్రభావం కూడా పెద్ద కారణాలే, అది మర్చిపోయి కార్బన్ తీర్పు అని మాత్రమే చెప్పుకోవడం మామూలైపోయింది. 2024 జూన్‌లో బ్రిటన్ సుప్రీంకోర్టు ఓ చమురు బావి కేసులో 3-2 తేడాతో కాల్చినప్పుడు వచ్చే ఉద్గారాలు కూడా ఈఐఏలో ఉండాల్సిందే అంది, అదే ఏడాది సెప్టెంబర్‌లో వైట్‌హేవెన్ బొగ్గు గని అనుమతిని హైకోర్టు కొట్టేసింది, అది భూగర్భ గని అయినా సూత్రం అదే. గ్రాసీ మౌంటెన్‌లో మాత్రం తీర్పుని నడిపింది కార్బన్ కాదు, నీళ్లు.

జనం సంగతి అంత సూటిగా ఉండదు. గ్రాసీ మౌంటెన్ చుట్టూ ఉన్న ఫస్ట్ నేషన్స్, అంటే అక్కడి ఆదివాసీ సమాజాల్లో చాలామంది కంపెనీతో ఒప్పందాలు చేసుకున్నారు, ప్రాజెక్ట్‌కి అభ్యంతరం లేదన్నారు. అయినా కైనాయ్, పికానీ, సిక్సికా ప్రజల సాంస్కృతిక వారసత్వం మీద గణనీయమైన దెబ్బ ఉంటుందని ప్యానెల్ రాసింది. తిరస్కరించాక కంపెనీతో పాటు పికానీ, స్టోనీ నకోడా వాళ్లు కూడా అప్పీల్‌కి ప్రయత్నించారు, అల్బర్టా అప్పీల్ కోర్టు వినడానికి ఒప్పుకోలేదు. గ్రామమంతా వద్దంటోంది, కంపెనీ ఒక్కటే కావాలంటోంది అనే బొమ్మ ఇక్కడ పనిచేయదు. ఉద్యోగాలు కావాలనుకునేవాళ్లు ఉన్నారు, దిగువన ఆ నీళ్ల మీద పశువులు పెంచుకునేవాళ్లు ఉన్నారు. ఆర్థిక లాభం కూడా తక్కువ నుంచి మధ్యస్థం అని మాత్రమే ప్యానెల్ అంచనా వేసింది. ఈఐఏ చదివేటప్పుడు అందరూ పర్యావరణ చాప్టర్లనే అనుమానంగా చూస్తారు, ఉద్యోగాలు, రాయల్టీల చాప్టర్‌ని మాత్రం ఉన్నదున్నట్టు నమ్మేస్తారు, అది కూడా అదే కన్సల్టెంట్ కట్టలోదే, బొగ్గు ధర ఇరవై ఏళ్లు ఓ స్థాయిలో ఉంటుందన్న ఊహ మీద నిలబడ్డదే.

ఆ కథ అక్కడితో ఆగలేదు కూడా. కంపెనీ నార్త్‌బ్యాక్ అనే పేరుతో మళ్లీ వచ్చింది, ఈసారి గని కాదు, అన్వేషణ డ్రిల్లింగ్‌కి అనుమతి కావాలంది. 2024 నవంబర్ 25న క్రోస్‌నెస్ట్ పాస్‌లో సలహా కోసం పెట్టిన ఓటింగ్‌లో 70 శాతం పైగా గనికి అనుకూలంగా వేశారు, కట్టుబడాల్సిన ఓటు కాదది. 2025 మేలో అల్బర్టా రెగ్యులేటర్ అన్వేషణకి అనుమతిచ్చింది. రేపు గని దరఖాస్తు మళ్లీ వస్తే రిపోర్ట్ ఇంకా లావుగా ఉంటుంది, మోడల్స్ ఇంకా కొత్తవి ఉంటాయి. అప్పుడు ముందుగా తెరవాల్సింది సెలీనియం టేబుల్, అందులో మధ్య కాలమ్, 2021లో లేని రుజువు ఏదైనా ఈసారి అక్కడ కొత్తగా చేరిందా అని.